బారన్ గారి దిండు

సభలు జరిగే రోజుల్లో బారన్ ట్యూరె గ్రాన్‌హెల్మ్ చంకలో దిండు పెట్టుకుని స్టాక్‌హోమ్ ప్రభువుల సభకు వచ్చేవాడు. ఇంటిపెద్ద కనుక ఆ సభలో చోటు తాతనుంచి తండ్రికీ, తండ్రినుంచి తనకూ వచ్చింది. ఎవరూ ఓటేసి పంపలేదు. గుమ్మం దగ్గర ద్వారపాలకుడు, ముసలి నిల్సన్, ఆయన భుజాలమీది మంచు దులుపుతూ, "ఇవాళైనా నోరు విప్పుతారా దొరా?" అనేవాడు. "రేపు చూద్దాంలే నిల్సన్." ముప్పై ఏళ్లుగా ఇదే మాట. లోపల గోడనిండా వేలాడే రాగి డాళ్లలో తమ వంశపు డాలుకీ, దానిమీది దేవదారు చెట్టుకీ తలవంచి, బల్లమీద దిండు వేసుకుని కూర్చునేవాడు. ఉపన్యాసాలు దూరపు వానలా వినిపించేవి. కళ్లు మూతపడేవి. డాలుమీది చెట్టు మెల్లగా ఊగుతున్నట్టుండేది.

1865 డిసెంబరులో, పుట్టుకతో వచ్చే ఈ చోట్లన్నీ రద్దు చేయాలా వద్దా అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగారు. బారన్ వంతు రాగానే పక్కనున్న ముసలి ప్రభువు మోచేత్తో పొడిచాడు.

"లే నాయనా! వద్దను. కూర్చున్న కొమ్మ నరుక్కుంటామా?"

బారన్ లేచి, తమ దేవదారుకేసి చాలాసేపు చూశాడు.

"రద్దు చేయండి."

అంత గొంతు తనకుందని ఆయనకే తెలియదు.

బయటికి వస్తుంటే నిల్సన్ ఎదురొచ్చాడు. "ఇవాళ మాట్లాడారటగా దొరా!"

బారన్ చంకలోని దిండు తీసి, గుమ్మం పక్క చెక్కబల్లమీద వేశాడు.

"కూర్చో నిల్సన్. ముప్పై ఏళ్లుగా నిలబడే ఉన్నావు."