ఎక్కుతున్నామమ్మా!

మా ఇంటి కప్పు ఇక ఎన్నాళ్ళో ఆగదని అందరికంటే ముందు తెలిసింది మా దాదీకి. దాదీ అంటే మా నాన్నకి అమ్మ. తుంటి విరిగి మంచాన పడ్డాక ఆవిడకి వెనక గదిలో చూడ్డానికి కప్పు తప్ప ఇంకేమీ లేదు. "దూలం నా మీదకి వంగుతోంది బేటా" అని పొద్దున్నే మొదలుపెట్టేది. నాన్న టీ తాగుతూ పైకి ఒక చూపు చూసి, "అదెప్పుడూ అలాగే ఉందిలే అమ్మీ" అనేవాడు.

నాన్నకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే పని. లారీకి పనికొచ్చేది ఇంటికెందుకు పనికిరాదన్నది ఆయన సిద్ధాంతం. పెంకు పగిలితే ట్యూబు ముక్క, వాసానికి బీట పడితే ఇనప పట్టీ, కారిన చోటల్లా తారు. "ఇంకో నాలుగు చక్రాలు తగిలించండి, ఏకంగా ఇంటినే ఆటోనగర్ తోలుకుపోవచ్చు" అని అమ్మ దెప్పేది.

అవి తొంభైల నాటి రోజులు. వన్‌టౌన్లో కొండ కింద మా సందులో పెంకుటిళ్ళు ఒక్కొక్కటే డాబాలవుతున్నాయి. మాకు ఆ యోగం లేదు. ఆ ఎండాకాలం దాదీ దుప్పటి మీద పసుప్పచ్చటి చెక్కపొడి రాలడం మొదలైంది. అమ్మ పొద్దున దులిపితే మధ్యాహ్నానికి మళ్ళీ ఉండేది. ఒక ఆదివారం నాన్న స్టూలెక్కి వాసంలో స్క్రూడ్రైవరు గుచ్చాడు. అది పిడి దాకా దిగిపోయింది. నాన్న దాన్ని బయటికి లాగలేదు. స్టూలు మీద అలాగే నిలబడి, కింద పడుకున్న తల్లిని చూశాడు. తొలకరి లోపు కప్పు మార్చకపోతే అది ఆవిడ మీదే పడుతుంది.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. దాదీ ఇల్లు కదలనంది. పెళ్ళై ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి పరాయి మగాడి కంట పడని మనిషి. ఒకప్పుడు తెర కట్టిన రిక్షా, తర్వాత బురఖా. అలాంటిది మంచంతో సహా మోసుకుపోతుంటే సందంతా చూడాలా? "నన్ను మోసుకుంటూ ఈ గడప దాటించేది ఒక్కసారే. ఆ రోజు ఎటూ వస్తుంది, మీరు తొందరపడకండి" అంది. సరే, ఇంట్లోనే ఉంచి పని చేయిద్దామంటే పైనున్న వాళ్ళకి ఆవిడ కనబడుతుంది. గదిలోకి కాస్త వెలుగొస్తుంది, ఒక అద్దం పెంకు పెట్టిద్దామని నాన్న ఎప్పుడో అంటేనే, "పైకెక్కిన ప్రతివాడూ నన్ను చూడ్డానికా?" అని ససేమిరా అన్న మనిషి.

మేస్త్రీల కోసం నాన్న ఊరంతా తిరిగాడు. వానల ముందు వాళ్ళు దొరకడమంటే మాటలు కాదు. మొదట వచ్చినాయన గుమ్మంలోంచే చూసి, "పీకి పారేసి రేకులేసుకోండి సాయిబు గారూ" అన్నాడు. ఇంకొకాయన ఎవరికీ చెప్పకుండా నిచ్చెన వేసుకుని చకచకా ఎక్కేశాడు. పక్కింటి పెరట్లో తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ళు కేకలు పెడితే, ఎక్కినదానికంటే వేగంగా దిగాడు.

మూడో ఆయన పామర్రు వైపు నుంచి వచ్చాడు. నిచ్చెన ఆనించి, మొదటి మెట్టు మీద కాలు పెట్టకుండా ఆగాడు. "ఎక్కుతున్నామమ్మా!" అని మా ఇంటివైపు ఒక కేక, అటు పక్కింటివైపు ఒకటి, ఇటు పక్కింటివైపు ఒకటి. వాళ్ళ ఊళ్ళో తాటిచెట్టు ఎక్కేవాళ్ళయినా, ఇంటి కప్పు ఎక్కేవాళ్ళయినా అలా కేకెయ్యందే ఎక్కరట. పెరళ్ళలో ఆడవాళ్ళు సర్దుకోవాలి కదా. ఈయన కేకేసి ఊరుకోలేదు, జవాబు కోసం ఆగాడు. అమ్మ లోపల్నించి "ఎక్కండి" అన్నాకే కాలు పెట్టాడు.

వెనక గదిలో దాదీ కళ్ళు మూసుకుని అంతా వింది. ఆయన కప్పు గురించి ఏం చెప్పాడో కూడా అడగలేదు. "ఇతనితోనే చేయించు బేటా" అంది. కేక విని మేస్త్రీని కుదుర్చుకున్నది విజయవాడ మొత్తంలో మేమే అయ్యుంటాం.

దాదీని ఇల్లు కదల్చకుండానే పని చేద్దామన్నాడాయన. దాదీ వెనక గదిలో ఉండగా ముందు గది విప్పి కొత్త కప్పు వేశారు. తర్వాత మంచం ముందు గదిలోకి మార్చి, మధ్య గుమ్మానికి తెర కట్టి, వెనక గది విప్పారు. పెంకులన్నీ దిగాక, ఆ పుచ్చిన వాసాలు చేత్తో పట్టుకుంటేనే విరిగిపోయాయి. ఇన్నాళ్ళూ వీటి కిందేనా నిద్రపోయామని అమ్మ గుండెలు బాదుకుంది.

ఆ మధ్యాహ్నం గాలికి తెర లేచింది.

వెనక గదిలో ఎండ. నేను పుట్టినప్పట్నుంచి మసకమసగ్గా ఉన్న గదిలో, గచ్చు మీద, బిందెల మీద, గూట్లో సీసాల మీద తెల్లటి ఎండ. ఆ గోడల రంగు ఆకుపచ్చ అని నాకు ఆ రోజే తెలిసింది. అది మా ఇల్లేనంటే నమ్మలేకపోయాను. నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

"నన్నక్కడికి తీసుకెళ్ళండి" అంది దాదీ.

"పైన మనుషులున్నారు అమ్మీ" అంది అమ్మ.

"కాసేపు దిగమనండి."

నాన్న సందులోకి వెళ్ళి, నసుగుతూ నసుగుతూ ఆ మాట చెప్పాడు. మబ్బులు ముసురుతున్న రోజులు, పని ఆగితే ఎవరికైనా చిరాకే. మేస్త్రి గారు ఎందుకని అడగలేదు. అందర్నీ దింపి, తనూ దిగి, నిచ్చెనని గోడ నుంచి తీసి నేల మీద పడుకోబెట్టాడు. నిచ్చెన తియ్యమని ఆయనకెవరూ చెప్పలేదు.

మంచం తీసుకెళ్ళి గది మధ్యలో దించాం. దాదీ వెల్లకిలా పడుకుని చూసింది. గోడల మీద ఒట్టి దూలం, దాని పైనంతా ఆకాశం, ఆకాశంలో సగం దాకా కొండ.

"ఈ కొండ ఇంత దగ్గరగా ఉందా?" అంది.

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ కొండ కిందే బతికింది. రిక్షా తెర సందులోంచి చూసిందేమో, బురఖా జాలీలోంచి చూసిందేమో. ఇలా తీరిగ్గా, మొహానికి ఏ అడ్డూ లేకుండా చూడ్డం అదే మొదటిసారి. పావురాల గుంపొకటి రాళ్ళ మీంచి లేచి చుట్టు తిరిగి మళ్ళీ వాలింది. దాదీ చెయ్యెత్తి వాటి వెంట తిప్పింది. నేను కొండని చూడలేదు, ఆవిడ మొహాన్నే చూశాను. అంత ఆశ్చర్యం ఒక ముసలి మొహంలో పట్టగలదని నాకు తెలీదు. కారణం తెలీకుండానే ఏడుపొచ్చింది. అమ్మ కొంగుతో నోరు నొక్కుకుని నిలబడింది. నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఎంతసేపయిందో. సందులోంచి కేక వినిపించింది.

"ఎక్కమంటారా అమ్మా?"

అమ్మ జవాబు చెప్పబోయింది. దాదీ చెయ్యి అడ్డం పెట్టింది. తల మీది చాదర్ సర్దుకుంది. కొండ మీంచి చూపు తిప్పకుండానే గొంతెత్తింది.

"ఎక్కండి నాయనా. నా మంచం పైన ఒక అద్దం పెంకు పెట్టండి. కొండవైపు."

పరాయి మగాడితో దాదీ మాట్లాడగా నాన్న వినడం అదే మొదలు. సందులోంచి "అలాగేనమ్మా" అని నెమ్మదిగా వినబడింది. ఎక్కమన్నా సరే, మేం మంచం ముందు గదిలోకి మార్చి, తెర దించి, మళ్ళీ పిలిచిందాకా ఆయన నిచ్చెన ముట్టుకోలేదు.