చాప దగ్గర నుంచి లేచిన రోజు

అల్ అహ్సాకు ఎన్నిసార్లు వెళ్ళావని ఎవరైనా అడిగితే లెక్క చెప్పలేను. అక్కడ ఏం చూశావని అడిగితే మాత్రం ఠక్కున చెబుతాను, చాప చూశానని.

నేను పనిచేసే ఇల్లు అరబ్బు దేశంలో, అల్ ఖోబర్ ఊళ్ళో, అల్ అజీజియా వైపు. ఇంటి యజమానిని మేం పనివాళ్ళం బాబా అంటాం. ఆయన పెద్దలది అల్ అహ్సా. చుట్టూ ఎడారి, మధ్యలో కనుచూపు మేర ఖర్జూర తోటలు, ఊటబావులు, ఒక కొండ, ఆ కొండలో గుహలు. చలికాలం వస్తే చాలు, ఇంటిల్లిపాదీ శుక్రవారాలు కారు నిండా సామాను వేసుకుని అటు బయలుదేరేవాళ్ళు. వెళ్ళగానే వాళ్ళు తోటలు చూడటానికి పోయేవాళ్ళు. నేను చాప పరిచి, స్టవ్ వెలిగించి, వాళ్ళ యాలకుల కాఫీ కాచి ఫ్లాస్కులో పోసి, చెప్పులకూ బ్యాగులకూ కాపలా కూర్చునేదాన్ని. నన్నెవరూ అక్కడ కట్టేయలేదు. రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. పనికి వచ్చిన మనిషి పని దగ్గరే ఉండాలి కదా అనుకుని నేనూ లేవలేదు.

అలాంటి నన్ను పోయిన చలికాలం టికెట్టు కొని, వ్యాను ఎక్కించి, ఆ అల్ అహ్సానే రోజంతా తిప్పి చూపించింది ఒక పిల్ల. ఆ ఇంటి పిల్లే. గైడుగా ఆమెకు అదే మొదటి రోజు.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆ పిల్ల ఇంకా పాకుతోంది. తల్లి బడిలో టీచరు. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాక గానీ రాదు. పిల్ల తిండి దగ్గర మహా మొండి. గిన్నె కనబడితే నోరు బిగించేసేది. మాది పశ్చిమగోదావరి. మా వైపు పిల్లలకు అన్నం పెట్టడమంటే గిన్నె ముందుకు తోసి తినమనడం కాదు. చంకన వేసుకుని తిప్పాలి. తిప్పుతూ కథ చెప్పాలి. నాలుగడుగులు వేయాలి, ఆగాలి, కథలో ఒక ముక్క చెప్పాలి, నోట్లో ఒక ముద్ద పెట్టాలి. కథ చివరి ముక్క మాత్రం ఆఖరి ముద్ద దాకా బయటపెట్టకూడదు. తొందరపడి ముందే చెప్పేశామో, సగం అన్నం గిన్నెలోనే ఉండిపోతుంది.

అప్పటికి నాకు వచ్చిన అరబ్బీ గుప్పెడు మాటలు. మిగతాదంతా తెలుగే. మేడ మీదకి తీసుకెళ్ళి తిప్పేదాన్ని. అక్కడి నీళ్ళ ట్యాంకులో ఒక రాక్షసిని పెట్టాను. ఏసీ డబ్బా వెనక పావురాలకు పెళ్ళి చేశాను. ముద్దలు మాత్రం తెలుగులో లెక్కపెట్టేదాన్ని. ఒకటి, ఆం. రెండు, ఆం. ఆ పిల్లకు తన భాషలో అంకెలు రాకముందే మన అంకెలు వచ్చాయి. వాళ్ళమ్మ నవ్వేదే గానీ ఎన్నడూ వద్దనలేదు.

ఆ పిల్ల పెరిగి, టూరిజం చదువు చదివి, గైడు లైసెన్సు తెచ్చుకుని ఒక చిన్న టూరు కంపెనీలో చేరింది. కొన్నాళ్ళు ఆఫీసులో ఫోన్లు ఎత్తించారు. తరవాత ఒక టూరు ఇచ్చి చూస్తామన్నారు. పై అధికారిణి కూడా వ్యానులో వస్తుందట. ఆ రోజు బాగా నడిపితే ఇక ఆ టూర్లు తనవి, లేకపోతే మళ్ళీ ఫోన్ల దగ్గరికే. బాబాకు ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. ఊళ్ళవాళ్ళను వెంటేసుకుని తిరగడం ఏం ఉద్యోగమని సణిగి సణిగి, చివరికి, ‘మొదటి రోజు ఖాలా నీ వెంట ఉంటే సరే’ అన్నాడు. ఖాలా అంటే పిన్ని. ఆ ఇంట్లో పిల్లలందరికీ నేను ఖాలానే.

తెల్లారేసరికి వ్యాను వచ్చింది. నడిపేది కడప వైపు సాయిబు. నా మొహం చూసి తెలుగు మనిషినని ఎలా పట్టాడో గానీ పట్టేశాడు.

“ఏమక్కా, మనోళ్ళేనా? ఆ పాప నీకేమైతాది?”

“మా బాబా కూతురయ్యా. నేను ఆళ్ళింట్లో పంజేత్తాను” అన్నాను.

పిల్ల నన్ను ముందు సీట్లో కూర్చోమంది. నేను వినకుండా అందరి వెనక్కి పోయి నీళ్ళ సీసాల అట్టపెట్టెల పక్కన సర్దుకున్నాను. ఫిలిప్పీన్స్ నర్సులు, యూరప్ నుంచి వచ్చిన ముసలి దంపతులు, ఎవరో ఆఫీసు కుర్రాళ్ళు ఎక్కారు. నల్లకళ్ళద్దాల పై అధికారిణి తలుపు పక్కన కూర్చుంది.

వ్యాను ఊరు దాటగానే పిల్ల మైకు పట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పదో తరగతి చదివినదాన్ని, టీవీ చూసేదాన్ని కాబట్టి నాకు సగానికి పైనే అర్థమవుతుంది. అర్థమై ఏం లాభం? ఆ ఒయాసిస్సు ఎంత పెద్దది, ఎన్ని చెట్లు, ఏ కాలం నాటిది, అన్నీ బట్టీ పట్టి గడగడా అప్పజెబుతోంది. ఆఫీసు కుర్రాళ్ళు చెవుల్లో ఏవో పెట్టుకున్నారు. ముసలాయన గురక మొదలుపెట్టాడు. నల్లకళ్ళద్దాలావిడ ముఖంలో ఉలుకూ లేదు పలుకూ లేదు. వెనక కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గురక పెట్టేవాడి మీదకి ఒక నీళ్ళ సీసా విసరాలనిపించింది. పిల్ల గొంతు అంతకంతకూ సన్నబడిపోయింది.

మొదట ఖారా కొండ దగ్గర ఆపారు. గుహలు అక్కడే. అందరూ దిగి వాటి వైపు పోయారు. నేను దిగి, వ్యాను నీడన నిలబడి, సీట్ల మీద వాళ్ళు వదిలిన బ్యాగుల వైపు చూస్తూ ఉండిపోయాను. ఎవరూ చెప్పలేదు. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

“ఏమక్కా, నువ్వు పోలే? అందురూ పాయిరి గదా” అన్నాడు డ్రైవరు.

“సామాన్లున్నాయి కదయ్యా. నేనుంటాలే. నువ్వెళ్ళి టీ తాగిరా.”

“నాకు తెలీక అడుగుతాండా, వ్యానుకు తాళమేసేది నేనా, నువ్వా?”

సమాధానం చెప్పేలోపే పిల్ల పరుగున వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. మా ఇద్దరి మాటలూ అరబ్బీలోనే సాగుతాయి.

“ఇక్కడేం చేస్తున్నావు ఖాలా?”

“బ్యాగులు చూస్తున్నానమ్మా. మీరు చూసి రండి.”

“ఎవరి బ్యాగులు? ఎవరు చూడమన్నారు?” అంది. “గుహ ముందు తలలు లెక్కపెట్టాను. ఒకటి తక్కువ వచ్చింది. ఒక మనిషి తగ్గితే నేను అడుగు ముందుకు వేయకూడదు, అది రూలు. అందరూ నిలబడిపోయారు. ఆవిడ వాచీ చూసుకుంటోంది. పొద్దుటి నుంచి నా మాట ఒక్కరూ వినలేదు. ఆఖరికి నువ్వు కూడా రాలేదు.”

మనసు చివుక్కుమంది. నన్ను కూడా ఒక తలగా లెక్కపెడతారన్న సంగతే నాకు తట్టలేదు. ఆ పిల్ల బతుకుతెరువు తేలే రోజున అడ్డం పడింది ఎవరయ్యా అంటే నేనే! పిల్ల నా చెయ్యి పట్టుకుని “దా” అంది, తెలుగులో. మెట్ల మీదుగా నన్ను లాక్కుపోయింది.

గుహ లోపల ఎంత చల్లగా ఉందో! ఇన్నేళ్ళూ ఆ కొండ బయట ఎండలో చాప మీద కూర్చున్నాను, లోపల ఇంత చల్లదనం ఉందని తెలియక. ఆయాసంతో గోడకు చేరగిలబడ్డాను. పిల్ల రాళ్ళ వయసు చెప్పబోయి, నన్ను చూసి ఆగింది. తరవాత మామూలు గొంతుతో అంది:

“మా నానమ్మ చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు ఈ గుహలోనే పడుకునేదట. ఒకరోజు నిద్ర లేచి చూస్తే బయట కట్టేసిన గాడిద లేదు.”

అంతే చెప్పి నాలుగడుగులు ముందుకు వేసింది. వెనక నుంచి ఒక నర్సమ్మ అడిగింది, “గాడిద ఏమైంది?” అని. “రండి, చెబుతాను” అంది పిల్ల. ఆ మలుపు దగ్గర ఆగి రాళ్ళు ఎలా చీలాయో చెప్పింది. చెప్పి, గాడిద గిట్టల గుర్తులు ఎటు పోయాయో ఇంకో ముక్క చెప్పింది. మళ్ళీ నడిచింది. ఆఫీసు కుర్రాళ్ళు చెవుల్లోవి తీసేశారు. గురక పెట్టిన ముసలాయన అందరికంటే ముందు నడుస్తున్నాడు.

కొండ కింద కుండలు చేసేచోటికి వచ్చేసరికి కథలో గాడిద ఒక కుమ్మరి జాడీలు పగలగొట్టింది. అక్కడ మట్టి ఎలా తొక్కుతారో అందరూ ఓపిగ్గా చూశారు, ఎందుకంటే అది అయితే గానీ తరవాతి ముక్క రాదు. అప్పుడు తెలిసింది నాకు. నాలుగడుగులు, ఆగడం, ఒక ముక్క, మళ్ళీ నాలుగడుగులు. ఆ నడక నాది! మేడ మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ నేను తిరిగిన నడక. ఈ గాడిద సంగతి వాళ్ళ నానమ్మ నోట నేనూ విన్నాను. ఆ ముసలమ్మ రెండు మాటల్లో చెప్పి ఊరుకునేది. దాన్ని కలిపి, ముద్దలు చేసి, ఇంతమందికి తినిపిస్తోంది నా పిల్ల. గర్వంతో నా కళ్ళు మసకబారాయి. దుమ్ము పడిందని చెప్పి తుడుచుకున్నాను.

మధ్యాహ్నం ఒక రైతు తోటకు తీసుకెళ్ళింది. ఖర్జూర చెట్ల మధ్య ఊటనీటి కాలవలు పారుతున్నాయి. కాలవ దాటితే ఒక చిన్న మడి. కోత అయిపోయి వరి కొయ్యకాళ్ళు మిగిలాయి. ఎడారిలో వరి! నేను వంగి వాటిని తడిమి చూశాను. బాబా వాళ్ళ వంటింట్లో ఎర్రబియ్యం ఎన్ని బస్తాలు వండానో, అవి నేను కూర్చున్న చాప వెనకే పండుతున్నాయని ఒక్కనాడూ తెలియలేదు. గాడిద ఆఖరికి దూరింది ఆ వరిచేలోకేనట. పక్కింటివాళ్ళ చేను. దొరికిపోయింది. ఆపైన ఏమైందో చెప్పకుండా పిల్ల భోజనాలకు లేవండి అంది.

పెద్ద చాప పరిచారు. చాప కనబడగానే నేను పళ్ళేలు అందుకోబోయాను. పిల్ల దూరం నుంచే కళ్ళెర్రజేసింది. కూర్చున్నాను. రైతు కొడుకు వచ్చి ఎర్రన్నం, మాంసం నాకు వడ్డించాడు, చాలా అని అడిగి మరీ ఇంకాస్త వేశాడు. ఆ దేశంలో చాప మీద కూర్చుని, ఒకరు వడ్డిస్తే తినడం నాకు అదే మొదలు. మొహమాటపడలేదు. కడుపునిండా తిన్నాను.

పై అధికారిణి నల్లకళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. చేతిలో చెంచా అలాగే పట్టుకుని, “ఇంతకీ ఆ చేను వాళ్ళు గాడిదను ఏం చేశారు?” అని అడిగింది.

“ఆఖరి చోట చెబుతాను మేడమ్. ముందు తినండి” అంది పిల్ల.

పక్కకు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుందామంటే, ఒంటి మీది నల్లటి అంగీ, ఆ అబాయాకు కొంగు ఎక్కడిది? అందరి ముందే నవ్వేశాను.

ఆఖరి చోటు తోటల చివర ఒక ఇసుక దిబ్బ. ఎక్కితే ఒకవైపు ఎడారి, ఒకవైపు పచ్చని తోటలు. పొద్దు వాలుతోంది. అందరూ ఆమె చుట్టూ చేరారు. అప్పుడు చెప్పింది. చేను మేసినందుకు పక్కింటి కుర్రాడు రోజూ నానమ్మ వాళ్ళ గుమ్మంలోకి వచ్చి తగవు పడేవాడట. తగవు తీరినా రావడం మానలేదట. “అతనే మా తాత. ఆ రోజు గాడిద తాడు తెంపుకోకపోతే మీకు ఈ రోజు గైడు ఉండేది కాదు” అంది.

ఒకటే చప్పట్లు. ముసలామె వచ్చి పిల్లను కావలించుకుంది. అధికారిణి నవ్వుతూ దిబ్బ దిగి వెళ్ళబోతూ ఆమె భుజం తట్టింది. “వచ్చే వారం నేను రాను. నువ్వే తీసుకెళ్ళు” అంది. పిల్ల నా వైపు చూసింది. నేను తల ఊపాను.

వ్యాను ఎక్కేముందు మళ్ళీ తలలు లెక్కపెట్టాలి. పిల్ల ముందుగా నా దగ్గరికి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా “ఒకటి” అంది. తరవాత నర్సమ్మ దగ్గరికి పోయి, “రెండు.” అంకెలన్నీ తెలుగులోనే. అదేం భాషని అడిగి, వాళ్ళూ ఆమెతో కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వ్యాను చుట్టూ మూడు, నాలుగు, అయిదు అని వంకర తెలుగు వినబడుతుంటే కడప డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. ఈసారి ఎవరూ తగ్గలేదు.

“అక్కా, మీ బాబా కూతురు భలే జెప్తాంది గదా!” అన్నాడు, నాకోసం వెనక తలుపు తెరుస్తూ.

“బాబా కూతురేంటయ్యా” అన్నాను. “అది నేను పెంచిన పిల్ల.”

ఆ తలుపు నేనే మూసేసి, ముందుకు నడిచి, ముందు సీట్లో కూర్చున్నాను.