జింక వయసు తేల్చడానికి బ్రేడీ దాకా

ఎర్ల్‌గారు నన్ను రమ్మన్నది సాక్ష్యం చెప్పడానికి. 1983 నవంబరు నెల. అప్పుడు మేం ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. హైదరాబాదులో దంతవైద్యం చదివిన నేను ఇక్కడి లైసెన్సు పరీక్షలు పూర్తికాక, డాలస్‌లో ఒక ప్రయోగశాలలో పళ్ళను పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టే పని చేసేదాన్ని. మా యంత్రాలు బాగుచేసే మనిషి ఎర్ల్‌గారు. అరవై దాటినా రోజుకు పది మాటలకు మించి మాట్లాడరు.

అలాంటాయన గురువారం నా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. టెక్సస్‌లో అడవులన్నీ ఎవరో ఒకరి సొంత భూములే. బ్రేడీ ఊరికి దగ్గర్లో డొరతీ అనే పెద్దావిడ పొలంలో వేటాడుకునే లీజు ఆయనకు ఇరవై ఏళ్ళుగా ఉంది. ఆవిడ నియమం ఒకటే, నాలుగేళ్ళు నిండని మగజింకను కొట్టకూడదు. కొడితే లీజు పోతుంది. కిందటి శనివారం ఎర్ల్‌గారు కొట్టిన జింకకు ఐదేళ్ళని ఆయన అంటున్నారు. దవడ చూసినవాళ్ళు మూడే అంటున్నారు.

"డాక్టర్, మీకు పళ్ళ సంగతి తెలుసు కదా. ఒక్కసారి వచ్చి చెప్పండి. ఆ పొలం తప్ప నాకు శనివారం అంటూ వేరే లేదు" అన్నారు.

ఇంట్లో చెబితే మావారు రత్నంగారు నెత్తి పట్టుకున్నారు. "సండే ప్రేయర్ మనింట్లో పెట్టుకుని నువ్వు డీర్ హంటర్స్ దగ్గరికెళ్తావా? అందరికీ వంటెవరు చేస్తారు?" అన్నారు. ఎనిమిదేళ్ళ మా గ్రేస్ మాత్రం కళ్ళింత చేసుకుని, "అమ్మా, నువ్వు కూడా డీర్‌ని షూట్ చేస్తావా?" అంది. పులిహోర నేను చేసిపెట్టేలా, మిగతాది ఆయన చూసుకునేలా ఒప్పందం కుదిరింది.

శనివారం ఉదయం ఆరూనలభైకి డాలస్‌లో బస్సెక్కాను. ఎర్ల్‌గారు ముందురోజే వెళ్ళిపోయారు. ఫోర్ట్‌వర్త్ దాటాక ఊళ్ళు పల్చబడి, పచ్చిక గోధుమరంగుకు తిరిగింది. పదకొండున్నరకు బ్రౌన్‌వుడ్‌లో అరగంట ఆపారు. స్టాండు పక్క హోటల్లో గుడ్డు శాండ్‌విచ్, కాఫీ తీసుకున్నాను. కాఫీ పల్చన, రొట్టె మంచిది. మాంసం తిననివారు ఈ దారిలో ఏదైనా వెంట తెచ్చుకోవడం మేలు.

అక్కడ నా పక్క సీట్లోకి ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. ఉన్ని వ్యాపారం చేసి మానేశాడట. ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"గొర్రెకైతే నాలుగేళ్ళ దాకా పళ్ళు చూసి చెబుతానమ్మా. ఆ తర్వాత గొర్రె ఇష్టం, కొనేవాడి ఖర్మ."

మా బాపట్ల వైపు పశువుల సంతలోనూ అంతే. రెండు పళ్ళ కోడె, నాలుగు పళ్ళ కోడె, ఆరు పళ్ళది అంటూ దర్జాగా చెబుతారు. పళ్ళన్నీ వచ్చేశాక మాత్రం బేరగాడి నోరే వయసు. ఆ మాట ఆయనకు చెబితే, "అయితే మీ ఊరూ మా ఊరూ ఒకటే" అన్నాడు.

ఒంటిగంటన్నరకు బ్రేడీలో దిగాను. ఎర్ల్‌గారు పికప్ ట్రక్కుతో నిలబడి ఉన్నారు. మట్టిరోడ్డు మీద ముప్పావుగంట. ఓక్ చెట్లు, ఎర్రరాళ్ళు, ముళ్ళకంచెలు.

డొరతీగారికి డెబ్బై ఏళ్ళుంటాయి. భర్త పోయాక పొలం, గొర్రెలు, వేటగాళ్ళు అన్నీ ఒంటిచేత్తో చూసుకుంటున్నారు. నాకు ముందు వేడివేడి బీన్స్, మొక్కజొన్న రొట్టె పెట్టి, ఆ తర్వాతే కొట్టంలోకి తీసుకెళ్ళారు. అక్కడ వేడ్ అనే యువకుడు ఉన్నాడు, అతనూ లీజుదారే. గోడకు చెక్కపలక, దాని మీద వరసగా జింక దవడలు, ఒక్కోదాని కింద వయసు. వేటగాళ్ళు తమ జింక దవడ తెచ్చి వాటితో పోల్చుకుంటారు.

ఎర్ల్‌గారి జింక దవడ నా చేతికిచ్చారు. "ఏడాదిన్నర దాకా మూడో పన్ను పాలపన్ను, దానికి మూడు మొనలుంటాయి. అది ఊడి రెండు మొనలది వస్తుంది. ఇక్కడ వచ్చేసింది" అన్నాడు వేడ్. అది నిజమే. "తర్వాత అరుగుదల చూడాలి. నాలుగో పన్నులో తెల్లటి అంచుకన్నా లోపలి నల్లగీత వెడల్పయితే మూడేళ్ళు. చూడండి, మూడే."

ఎర్ల్‌గారు నా ముఖం వైపే చూస్తున్నారు. ఆ దవడను అటూ ఇటూ తిప్పాను. ఐదు అని ఒక్కమాటంటే ఆయన శనివారాలు నిలుస్తాయి. కాని దవడను బల్ల మీద పెట్టేశాను.

"ఇది పిల్లజింక కాదు, అంతవరకు చెప్పగలను. మూడా, ఐదా అంటే నాకు తెలియదు."

ఆయన తల దించుకున్నారు.

"పళ్ళు అబద్ధమాడవు" అన్నారు డొరతీగారు. "నాలుగేళ్ళ కిందట హెక్టర్ కూడా తనది ముసలి జింకని ఒట్టేశాడు. దవడ మూడంది. పంపించేశాను."

అప్పుడు అడిగాను, "పుట్టిన ఏడాది కచ్చితంగా తెలిసిన జింక దవడ ఒక్కటైనా ఉందా?"

ఆవిడ అటక మీంచి ఆపిల్ పెట్టె దింపించారు. ఆవిడ భర్త జింకపిల్లలు దొరికినప్పుడల్లా గొర్రెలకు వేసే చెవిబిళ్ళ వేసి, దాని మీద పుట్టిన ఏడాది చెక్కి వదిలేవారట. ఎప్పుడైనా అవి వేటలో పడితే దవడను, బిళ్ళను తీగతో కట్టి, పడిన ఏడాది కూడా బిళ్ళ మీద రాసి దాచేవారు. అలాంటివి ఆరున్నాయి. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

బిళ్ళలు విప్పి, ఏ దవడకు ఏ బిళ్ళో తెలిసేలా రెండింటికీ సుద్దతో ఒకే అంకె వేసి, బిళ్ళలను డొరతీగారి ఎప్రాన్ జేబులో వేశాను. నలుగురం, నేనుకూడా, ఎవరి కాగితం మీద వాళ్ళం వయసులు రాశాం. గంట పట్టింది. వేడ్ గోడ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు.

తర్వాత ఆవిడ బిళ్ళలు ఒక్కొక్కటే తీసి చదివారు. లేత జింకలు రెండింటిని నలుగురం సరిగ్గా రాశాం. అక్కడితో మా విద్య అయిపోయింది. రెండున్నరేళ్ళ దాన్ని ఎర్ల్‌గారు ఐదన్నారు. ఇసుకనేల వైపు మేసినదట, ఇసుకకు పన్ను తొందరగా అరిగింది. చివరిదాన్ని వేడ్, డొరతీగారు, నేను ముగ్గురం నాలుగని రాశాం. బిళ్ళ ప్రకారం దానికి ఏడున్నర.

ఆవిడ ఆ బిళ్ళను వెలుతురుకు పట్టి రెండుసార్లు చదివారు. వేడ్ టోపీ తీసి తల గోక్కుని, "మ్యామ్, నాకు ముప్ఫై ఏళ్ళు. నా పళ్ళు చూడనివ్వను" అన్నాడు. అందరం నవ్వాం, డొరతీగారు తప్ప.

"ముందుపన్నొకటి కోసి, లోపలి గీతల్ని చెట్టు వలయాల్లాగా లెక్కపెట్టొచ్చంటారే?" అని అడిగారావిడ. చలిదేశాల్లో అవి బాగా కనిపిస్తాయని, ఈ వెచ్చటి నేలలో మసకబారతాయని మా ప్రయోగశాల ప్రొఫెసరు చెప్పింది చెప్పాను. కోయమంటే కోస్తాను, ఒట్టు మాత్రం వేయలేను.

"వద్దు. ఇకనుంచి పాలపన్నున్నవాటిని కొట్టకండి. ఆపైన కొట్టేముందు నిదానంగా నిలబడి, జింకను ఒళ్ళంతా చూసి కొట్టండి. ఎర్ల్, వేటగాళ్ళ గదిలో నీ మంచం నీదే" అన్నారు.

ఎర్ల్‌గారు సంతోషిస్తారనుకున్నాను. ఆయన తన కాగితం మడుస్తూ, "అయితే నాదానికి ఎన్నేళ్ళో నాకూ తెలియదన్నమాట" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఐదని మీరు అనుంటే ఈ పెట్టె దిగేది కాదు. థాంక్స్" అన్నారు.

ఆ రాత్రి డొరతీగారింట్లోనే ముందుగదిలో పడుకున్నాను. రెండు ఉన్ని దుప్పట్లిచ్చినా తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చింది. ఆ దారి వెళ్ళేవారు మందపాటి స్వెటరు పెట్టుకోండి. ఆదివారం వేటకు వెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో, ఉల్లాసంగా తిరిగొచ్చారు.

తిరుగు బస్సు రెండింటికి. నన్ను దింపడానికి డొరతీగారే బయల్దేరారు. బ్రేడీ చేరాక స్టాండు వైపు తిరగకుండా ఒక నీలిరంగు ఇంటి ముందు ఆపి, "పది నిమిషాలు" అని దిగారు. వాకిట్లో ఒకాయన చర్చి బట్టల్లోనే చొక్కాచేతులు మడిచి మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. అతనే హెక్టర్. ట్రక్కు అద్దం దించి ఉండడంతో మాటలు వినిపించాయి. నన్ను డాలస్ బస్సెక్కించాలని చెప్పి, డొరతీగారు అసలు సంగతికొచ్చారు.

"నీ జింకకు మూడేళ్ళన్నాను. నాకు తెలియదు హెక్టర్. తెలియకుండానే అన్నాను."

అతను కొళాయి కట్టేశాడు. "నేనూ ఐదన్నాను మ్యామ్. నాకూ తెలియదు."

"శనివారం రా."

"ఆలోచిస్తాను" అని అతను లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడిపోయారు. కాసేపటికి హెక్టర్ రేకుకాగితంలో చుట్టిన పొట్లంతో వచ్చి, కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. "బస్సులో తినండి, చీజ్‌వి. డాలస్ చాలా దూరం." ఆ తర్వాత ఆవిడ వైపు చూసి, "ఎర్ల్ ఇంకా గురక పెడతాడా?" అన్నాడు.

స్టాండులో దింపేటప్పుడు డొరతీగారు నా చేయి గట్టిగా నొక్కారు.

బస్సులో పొట్లం విప్పితే మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన మూడు తమాలేలు, అంటే చీజ్ కూరిన మొక్కజొన్న పిండి ముద్దలు, ఇంకా వేడిగా ఉన్నాయి. బ్రౌన్‌వుడ్ వచ్చేలోగా మూడూ తినేశాను. బయట కంచెల మీద సాయంత్రపు ఎండ. ఈ దేశానికొచ్చి ఆరేళ్ళయింది, పరీక్షల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ తెలియదన్న మాటకు నేను భయపడని రోజు లేదు. ఆ రెండు రోజుల్లో మాత్రం దాన్ని నేనూ అన్నాను, మరో ముగ్గురి నోటా విన్నాను. అన్న ప్రతిసారీ ఎవరో ఒకరికి తలుపు తెరుచుకుంది. సీటు వెనక్కి వాల్చి, ఫోర్ట్‌వర్త్ దీపాలు కనబడేదాకా హాయిగా నిద్రపోయాను.