తడిసిన పేజీ

ఆ రోజు హోసూరు బస్సులో పక్క సీటు టీచరమ్మను చులకన చేశాను. తప్పు నాదే. ఆమె ఒడిలోని బొమ్మల పుస్తకంలో గింజ బొమ్మ ఉన్న పేజీ నీళ్లకు ఉబ్బిపోయి ఉంది.

“నేనూ సైన్స్ మాస్టరునే. బడి పుస్తకాన్ని ఇట్లా పాడు చేయనిస్తారామ్మా?” అన్నాను.

“మొలుస్తుందేమోనని ఒక పాప బొమ్మకు నీళ్లు పోసిందప్పా. మొలవలేదని మర్నాడు ఇంట్లోనుంచి అనపగింజలు తెచ్చింది. ఆ దినం పాఠం ఆ పిల్లే చెప్పింది,” అని నవ్వింది. “మీ బడిలో పుస్తకాలు ఎట్లుండాయప్పా?”

“కొత్తవి కొత్తగానే ఉండాయమ్మా,” అన్నాను గొప్పగా.

ఆమె పుస్తకం మూసేసి సంచిలో పెట్టుకుంది.

తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించాలని రెండేళ్లుగా మా బడి పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేసి ఉంచింది నేనే.

సోమవారం బడికి వెళ్లగానే బీరువా తెరిచి పుస్తకాలన్నీ పిల్లల చేతికిచ్చాను. సాయంత్రానికి ఒక పేజీ తడిసింది. ఎవరు తడిపారని అడగలేదు.