రెండో విసనకర్ర

అలీదాకు యాభై రెండేళ్ళు. చర్చి ఎదుట బంగాళాదుంపల వేపుడు బండి ఆమెది. ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు లేరు, కానీ ఆ ఎరగడం ఏపాటిది? బండి కిటికీ అవతల నిలబడి పెద్ద పొట్లమా చిన్న పొట్లమా, ఉప్పు చాలా, మయోనీసు కావాలా వద్దా, అంతే. పంతొమ్మిదేళ్ళుగా ఊరు ఆమెతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే సగం ఉప్పు గురించే ఉంటాయి. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లల్లేరు. బండి మూసి ఇంటికెళ్తే ఇక గోడలే. వాటికి ఉప్పు కూడా అక్కర్లేదు.

అందుకని ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా సైకిలెక్కుతుంది. కాఫీ కొట్టు ముందు పదమూడు మంది పోగవుతారు. ఇద్దరిద్దరుగా బయల్దేరి, ఎనభై కిలోమీటర్లు తొక్కి, అదే కొట్టుకు తిరిగొస్తారు. పక్కన ఎవరు పడితే వాళ్ళతో కబుర్లు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా రోడ్డు వంక చూస్తూ మాట్లాడుకుంటే ఎంత బరువైన మాటైనా బయటికొస్తుందని ఆమె అక్కడే కనిపెట్టింది. రిటైరైన బడిపంతులు ఓదీల్ తన భార్య జబ్బు సంగతి మొదట చెప్పింది ఆమెకే. అదే మనిషి కిటికీ దగ్గర పదేళ్ళుగా "చిన్న పొట్లం" తప్ప మరో మాట అని ఎరగడు.

ఈ గుంపుకు కెప్టెన్ ఫిర్మిన్. డెబ్బై ఏళ్ళవాడు, పూర్వం కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేశాడు. నీళ్ళనే ఆపినవాణ్ణి, మీరెంత అంటాడు. చలికాలానికి ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. మూడు ఆదివారాలు గుంపు నుంచి తెగి వెనకబడ్డవాళ్ళు బుధవారం మధ్యాహ్నం తొక్కే ముసలివాళ్ళ జట్టుకు మారాలి. ఒక్కరి కోసం పన్నెండుమంది ఆ చలిలో నిలబడి వణకలేరు కదా. న్యాయమే, కాదనలేం. కానీ బుధవారం మధ్యాహ్నం బడికి సెలవు. ఊళ్ళో పిల్లలంతా అలీదా బండి ముందే ఉంటారు. ఆ పూట మూస్తే ఇల్లు గడవదు. బుధవారానికి మార్చడమంటే ఆమెను సైకిలు దింపేయడమే. ఈ చలికాలం అప్పటికే రెండుసార్లు తెగిపోయింది. ఈ జనవరి ఆదివారం కూడా తెగితే మూడోది.

"కాళ్ళెలా ఉన్నాయమ్మాయ్?" అని అడిగాడు ఫిర్మిన్ బయల్దేరేటప్పుడు.

"రెండూ ఉన్నాయి కెప్టెన్" అంది. శనివారమంతా నూనె ముందు నిలబడ్డ కాళ్ళు. ఉన్నాయంటే ఉన్నాయి.

బయల్దేరినప్పుడు మంచు పట్టిన గడ్డి మీద ఎండ మెరుస్తోంది. పదింటికి వాన. వానకోటు వేసుకోగానే ఎండ, విప్పి జేబులో కుక్కుకోగానే వడగళ్ళు. మా వైపు జనవరి నెలకు సిగ్గూ శరం ఉండవు. గోడలు కట్టే మేస్త్రీ వానెస్ ఆకాశానికేసి చూసి, ఏదో ఒకటి తేల్చుకోవే తల్లీ అని బతిమాలాడు. అలీదా మాత్రం గాలి ఎప్పుడు లేస్తుందా అనే చూస్తోంది. వాన ఎవర్నీ గుంపునుంచి తెంపదు, గాలి తెంపుతుంది.

కాలవగట్టు ఎక్కగానే వచ్చింది. సముద్రం వైపునుంచి, సరిగ్గా ఎడమ పక్క నుంచి కొట్టింది. ఎదురుగాలైతే ముందువాడి వెనక దాక్కుంటే సరిపోతుంది. పక్కగాలికి అలా కుదరదు, ఏటవాలుగా ఒకరి భుజం పక్కన ఒకరు విసనకర్ర విప్పినట్టు రోడ్డంతా పరుచుకోవాలి. అప్పుడు ముందున్నవాడు గాలి తింటాడు, మిగతావాళ్ళకు మరుగు దొరుకుతుంది. వంతులవారీగా ముందుకొస్తుంటారు. చిక్కల్లా ఏమిటంటే రోడ్డు వెడల్పు కొంతే. పదిమందితో విసనకర్ర నిండిపోతుంది. మిగిలినవాళ్ళు కుడి అంచున, బురదలో, ఏ మరుగూ లేకుండా చివరివాడి చక్రాన్ని పట్టుకుని, అంటే దాన్ని ఆనుకునే తొక్కుతూ, వేలాడాలి.

వేలాడుతున్నవాళ్ళు ముగ్గురు. అలీదా, ఆమె వెనక వానెస్, అతని వెనక ఓదీల్. ఆమెకు ఇది కొత్త కాదు. పళ్ళు బిగించి, కళ్ళు చీకట్లు కమ్మేదాకా ఆ చక్రాన్ని పట్టుకోవడం, ఆఖరికి అది జానెడు, మూరెడు, బారెడు దూరమైపోవడం. కిందటి రెండుసార్లూ అంతే జరిగింది. ఈసారీ మరో అర కిలోమీటరుకు అదే జరుగుతుంది. ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, ఆ చక్రం మీద. దీన్ని పట్టుకుని ఏం బావుకున్నాను అనుకుంది.

"వదిలేయండి" అని వెనక్కి అరిచింది.

"మతిపోయిందా? నీకిది మూడోసారి" అన్నాడు వానెస్.

"నాకూ లెక్కొచ్చు. ఎడమకి రండి. మనమే ఇంకోటి కడదాం."

ఇంకా చేతికందేంత దగ్గర్లో ఉన్న చక్రాన్ని ఆమె తనంతట తానే వదిలేసింది. ఎడమ అంచుకు వెళ్ళి గాలికి ఎదురు నిలిచి తొక్కింది. ఇరవై లెక్కపెట్టి "తర్వాత!" అని కేకేసింది, బండి కిటికీలోంచి కేకేసినట్టే. ఆ గొంతు వినగానే ముందుకు జరగడం వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి అలవాటు. అనుకోకుండానే వానెస్ జరిగాడు.

"నాకు పెద్ద పొట్లం, మయోనీసు ఎక్కువ" అన్నాడు గాలిలోకి తల దూర్చి.

ఓదీల్ వంతు వస్తే పది లెక్కకే "తర్వాత" అంది అలీదా. సన్నటి మనిషి, అంతకంటే నిలవలేడు. ముగ్గురు మనుషుల విసనకర్ర, అయినా మరుగు మరుగే. కొంతసేపటికి అలీదాకు తన కాళ్ళు తిరిగొచ్చాయి. ముందు గుంపు దూరమవుతోంది, కానీ మునుపంత వేగంగా కాదు. తెగిపోవడం వేరు, తెంపుకోవడం వేరు. ఆ తేడా ఆమె ఒళ్ళంతా తెలుస్తోంది.

మళ్ళీ వడగళ్ళు మొదలయ్యాయి. వాటిలోంచి కుడి అంచున ఒక పసుపు కోటు కనబడింది. ఒంటరిగా, తల వాల్చుకుని, బాగా నెమ్మదిగా. ఫిర్మిన్.

పౌరుషం కొద్దీ తన వంతు కంటే ఎక్కువసేపు ముందు నిలబడ్డాడట. వెనక్కి జారినవాడు జారినట్టే పోయాడు. ముందువాళ్ళెవరూ చూసుకోలేదు. విసనకర్రలో అందరి కళ్ళూ పక్క చక్రం మీదే ఉంటాయి.

"కెప్టెన్, కుడిచివర చోటుంది. దూరండి" అంది అలీదా.

"మీరు పొండి. నేను మెల్లగా వస్తా."

ఈ మాట కిందటి రెండుసార్లూ ఆమె అన్నదే. అదెంత అబద్ధమో ఆమెకు తెలుసు.

"మీరు మెల్లగా రారు. ఒంటరిగా వస్తారు. దూరండి" అంది. వానెస్ వేగం తగ్గించాడు. ఫిర్మిన్ కుడిచివర చేరాడు. ఆయన వంతు వచ్చినప్పుడల్లా అలీదా దాటేసి తనే ముందుకెళ్ళింది.

నాలుగైదు కిలోమీటర్లకు ఆయనకు ఊపిరి కుదురుకుంది.

"అయితే కెప్టెన్, బుధవారం జట్టుకు ఇప్పుడెవరు పోవాలి?" అన్నాడు వానెస్, అడక్కుండా ఉండలేక. ఓదీల్ వాడివైపు కోపంగా చూశాడు. ఫిర్మిన్ కోటు చేత్తో మొహం తుడుచుకున్నాడు. ముసలాయనకు ఎంత కష్టమైందో పాపం.

"ఎవరూ పోరు. ఇన్నేళ్ళు నేను ముందే ఉన్నాను. వెనక ఎలా ఉంటుందో నాకేం తెలుసు?" అన్నాడు.

వంతెన వచ్చింది. అది దాటితే రోడ్డు ఇంటివైపు తిరుగుతుంది, గాలి అవతలి పక్కకు మారుతుంది. అలాంటిచోట ఎటు పరుచుకోవాలో ఫిర్మిన్ చెప్పాలి, గుంపు వినాలి. పదిహేడేళ్ళుగా అదే వాడుక. అలవాటు కొద్దీ ముగ్గురూ ఆయనవైపు తిరిగారు.

ఆయన అలీదా వైపు తిరిగాడు.

"నన్నేం చూస్తారు? ఆవిడనడగండి" అన్నాడు.

"కుడికి!" అంది అలీదా. నలుగురూ కుడికి జరిగారు.