హీరో చొక్కా ఎవరుతికారని అడిగిన పిన్ని

పిన్ని పోయిందని కిరండూల్ నుంచి ఫోనొచ్చినప్పుడు నేనింకా ఆవిడ మీద కోపంగానే ఉన్నాను. ముందురోజు సాయంత్రం ఫోన్లో పోట్లాడుకున్నాం. ఈమధ్య చదివిన ఒక ప్రేమ నవలని మెచ్చుకుంటూ నేను సగం కథ చెబితే, మిగతా సగం ఆవిడే చెప్పేసింది. ఒక్క ముక్క తప్పు పోలేదు. "ఇంతేగదే, దీనికి అంత లావు పుస్తకం ఎందుకు, కాయితాలు దండగ" అంది. నేను ఇంకేదో అడగబోతుంటే పెట్టేసింది. తెల్లారాక మళ్ళీ చేసి నాలుగు అంటిద్దామనుకున్నాను. తెల్లారాక వాళ్ళబ్బాయి చేశాడు. నిద్రలోనే పోయిందట. నేను అనాల్సినవి అననివ్వకుండా వెళ్ళిపోవడం ఆవిడకి ఎప్పుడూ ఉన్నదే.

ఆవిడ నాకు చుట్టమేం కాదు. కిరండూల్ రైల్వే కాలనీలో మా గోడకి అవతలి క్వార్టరు. మా నాన్న, వాళ్ళాయన ఇద్దరూ విజయనగరం వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు. బైలడీలా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి మోసే బళ్ళ మీద పనిచేశారు. మా కాలనీ పిల్లలందరం హిందీ మీడియం. తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం, తిట్టుకునేవాళ్ళం, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. మా అమ్మలు కూడా కూడబలుక్కుని చదవాల్సిందే. గడగడా చదవగలిగింది పిన్ని ఒక్కతే. అందుకని మా కాలనీకి తెలుగు నవల అంటే పిన్ని నోరే.

పుస్తకాలు విశాఖలోని అద్దె పుస్తకాల కొట్టు నుంచి వచ్చేవి. తెలిసిన గార్డు ఒకాయన తెచ్చి ఇచ్చి, మళ్ళీ డ్యూటీకి వచ్చినప్పుడు పట్టుకుపోయేవాడు. ఆ లోపల ఆవిడ చదివెయ్యాలి, మాకు చెప్పెయ్యాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా ఆవిడ వరండాలో చేరి, సంతలో కొన్న చింతపండుకి గింజలు తీస్తూ వినేవాళ్ళు. నేను వాళ్ళ మధ్య ఇరుక్కునేదాన్ని. మా అమ్మ మాత్రం వచ్చేది కాదు, ఆ కాసేపే అమ్మకి కునుకు తీసే వీలు.

పిన్ని కథ వినడానికి చాలా ఓపిక కావాలి. హీరో కారు దిగగానే కథ ఆగిపోయేది. "తెల్ల సొక్కా అంట. కొండ రోడ్డు మీద వచ్చినాడంట. ఆ సొక్కా ఎవులు ఉతికినారో ఈ రాసినావిడ రాసిందేటి?" మా ఊళ్ళో ఆ ప్రశ్న మామూలు ప్రశ్న కాదు. గాలి వీస్తే చాలు, ఎర్రటి ధూళి వచ్చి దండెం మీద బట్టలకి పట్టేసేది. వింటున్నవాళ్ళు అవునవునని తలలూపి, ఎవరి మొగుడి బనీను సంగతి వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. హీరో అలా కారు పక్కనే నిలబడి ఉండేవాడు. నాకు ఒళ్ళు మండేది. "పిన్నీ, తర్వాత ఏమైంది?" అంటే, "అవుద్దిలే, ఆడెక్కడికి పోతాడు. టిఫిను కేరియరు కడుక్కునే రకం కాదు, నాను ముందే సెప్తన్నాను" అనేది.

డ్యూటీ నుంచి వచ్చి తన కేరియరు తను కడుక్కునేవాడే ఆవిడ దృష్టిలో మగాడు. నవలల్లో అలాంటివాడు ఒక్కడూ తగల్లేదు. పోనీ చదవడం మానేసిందా అంటే అదీ లేదు. గార్డు ఒక వారం రాకపోతే ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి వాకబు చేసేది. ఒక్కోసారి చింతపండు తెచ్చిన గోండు ఆమె కూడా బరువు దించుకుని మెట్టు మీద కూర్చునేది. తెలుగు ఆమెకి రాదు. పిన్ని అక్కడి సంతల్లో అందరికీ వచ్చే హల్బీ భాషలో ఆమెకి కథంతా ఒక్క ముక్కలో చెప్పేసేది: ఉన్నింటి పిల్లాడు, లేనింటి పిల్ల, ఇద్దరికీ బుద్ధి లేదు. ఆమె నవ్వుకుంటూ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయేది. అరగంట నుంచి ఊపిరి బిగబట్టి వింటున్న నా గతి ఏం కావాలి చెప్పండి.

ఇక పాత కథల్ని కొత్తగా చెప్పే పుస్తకాలంటే మరీను. వనవాసం కథని, మొగుడి వెంట అడవికి వెళ్ళిన ఆ ఇల్లాలే చెబుతున్నట్టు రాసిన రెండు పుస్తకాలు కిందటి వానాకాలం ఫోన్లో చదివి వినిపించాను. అప్పటికి ఆవిడ కళ్ళు మసకేశాయి, బాబాయి పోయాక కొడుకుతో అక్కడే ఉండిపోయింది. మొదటి పుస్తకంలో అడవి నిండా పూలు, లేళ్ళు, వెన్నెల. మేము బతికింది ఆ దండకారణ్యంలోనే. పిన్ని కాసేపు విని, "అన్నేళ్ళు ఉన్నారు గదా, ఒక్కరికీ జొరం రాలేదేటే?" అంది. "దోమ లేదు, ఎర్రచీమ లేదు. ఆయమ్మ తడిసిన కట్టెల్తో పొయ్యి ఎలగ ముట్టించిందో అది రాయమను, అప్పుడు యింటాను." రెండో పుస్తకంలో ఆ ఇల్లాలు అధ్యాయానికో ఉపన్యాసం ఇస్తుంది. దానికి పిన్ని, "పాపం, అప్పుడేమో ఎవులూ మాటాడనివ్వలేదు. ఇప్పుడేమో ఈవిడ నోరు మూసుకోనివ్వట్లేదు" అంది.

నేను చదివిన పుస్తకాల మీద ఒక చిన్న పత్రికకి రాస్తుంటాను. ఆ పుస్తకం మీద రాద్దామనుకున్న వ్యాసమంతా పిన్ని ఒక్క మాటలో అయిపోయింది. ఇక నేనేం రాయాలి? ఎంతో ఆశగా కొత్త నవల తెరుస్తాను. హీరో లోపలికి వస్తాడు. వెంటనే నా కళ్ళు చొక్కా మీదికి పోతాయి. ఒక్క నవలని కూడా సుఖంగా చదువుకునే యోగం లేకుండా చేసింది మహాతల్లి.

నా అభిప్రాయం అడిగితే, ఈ మధ్య ప్రేమ నవలల్లో హీరో మారాడంటున్నారు గానీ మారింది అతని కారు. ఇప్పుడు సొంత కంపెనీ నడుపుతాడు, కాఫీ తనే కలుపుకుంటాడు, తాగిన కప్పు ఎక్కడ పెడతాడో మాత్రం ఇప్పటికీ తెలియదు. కోపం వస్తే అమ్మాయి చెయ్యి పట్టి లాగుతాడు. ఆ అమ్మాయి ఆ నొప్పిలో ప్రేమని వెతుక్కుంటుంది. నవల అయ్యేసరికి దొరుకుతుంది కూడా. ఇది నన్నెందుకింత విసిగిస్తుందో తెలియాలంటే నా పెళ్ళి తప్పిపోయిన సంగతి చెప్పాలి.

డిగ్రీ అయిన ఏడాది నాకు సంబంధం కుదిరింది. అబ్బాయిది గనుల్లోనే ఉద్యోగం. అందగాడు, మాట తక్కువ, కోపం ఎక్కువ. తాంబూలాలయ్యాక ఒకసారి మా ఇంటికి వచ్చి వెళ్తుంటే, దిగబెట్టడానికి నేనూ పిన్నీ స్టేషనుకి వెళ్ళాం. జామకాయలమ్మే ఆమెతో నేను హల్బీలో నవ్వుతూ బేరమాడుతున్నాను. అతను వచ్చి నా మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు. "అందరి ముందూ పళ్ళికిలించకు" అన్నాడు. చేతి మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి. నాకు నొప్పి కన్నా సంబరం ఎక్కువైంది. నవలల్లో సరిగ్గా ఇలాగే ఉంటుంది మరి. "నా మీద ఎంత ఇదో చూశావా పిన్నీ" అని ఇంటిదాకా చెబుతూనే ఉన్నాను. ఏ హీరోనీ వదిలిపెట్టని ఆవిడ ఆ రోజు ఒక్క మాట అనలేదు.

అప్పుడు వరండాలో నడుస్తున్న నవలలో కూడా హీరోకి కోపం ఎక్కువ. కాఫీ ఎస్టేటు యజమాని. పదిమంది ముందు హీరోయిన్ చెంప పగలగొడతాడు. అక్కడిదాకా అందరితో పాటు విన్నాను. చివరి భాగం చెప్పే రోజు పెళ్ళి చీరల కోసం అమ్మతో జగదల్‌పూర్ వెళ్ళాల్సి వచ్చింది. మర్నాడు పిన్ని దగ్గరికి పరిగెత్తి ముగింపు చెప్పమన్నాను. ఇద్దరమే ఉన్నాం. చెప్పింది. ఆ అమ్మాయి ఏడవలేదు, బతిమాలలేదు. పెట్టె సర్దుకుని పొద్దున్న పాసింజరు ఎక్కింది. అతను వెనకాలే వచ్చి కిటికీ చువ్వలు పట్టుకుంటే, "చెయ్యి తియ్యండి, బండి కదులుతోంది" అంది. అంతే, అయిపోయింది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం తింటున్నా అదే, జడ వేసుకుంటున్నా అదే. చేతి మీద గుర్తులు పోకముందే అమ్మకి ఈ పెళ్ళి వద్దని చెప్పాను. ఎందుకని అడిగితే ఆ నవల కథ చెప్పాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "కథ విని సంబంధం వదులుకుంటావేటే" అని నన్ను తిట్టి, గోడ దగ్గరికి వెళ్ళి పిన్నిని అనరాని మాటలంది. కాపురాలు కూల్చేదానివంది, నీకు ఆడపిల్ల లేదు కాబట్టి తెలియదంది. పిన్ని తలెత్తకుండా చేటలోని గింజలు ఏరుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కుళాయి దగ్గర ఎదురుపడినా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ నన్ను ఆ వరండా ఎక్కనివ్వలేదు. ఆ వేసవి వెళ్ళాక టీచరు ట్రైనింగుకి జగదల్‌పూర్ వెళ్ళిపోయాను.

అక్కడ హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి నాకు తెలుగు చదవడం నేర్పింది. కొన్నేళ్ళకి విశాఖలో పాత పుస్తకాల బండి మీద ఆ నవల కనబడింది. నిలబడే చివరి పేజీలు తిప్పాను. రైలు లేదు, పెట్టె లేదు. ఆ అమ్మాయి వానలో అతని కాళ్ళ మీద పడి క్షమించమంటుంది. అతను క్షమిస్తాడు. పెళ్ళి, శుభం.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నా పెళ్ళి అచ్చులో లేని ముగింపు విని చెడగొట్టుకున్నాను. తర్వాత నాకు వేరే పెళ్ళయింది, బాగానే ఉన్నాను, అది వేరే సంగతి. ఆ అబ్బాయి కూడా ఎవరినో చేసుకున్నాడు. ఎలా ఉన్నాడో తెలియదు, మంచివాడే అయ్యాడేమో. నాకు తెలియాల్సింది ఒక్కటే. పిన్ని అది కావాలని చేసిందా, లేక ఆవిడ చెప్పిన కథలన్నీ అలా నోటికొచ్చినట్టు చెప్పినవేనా? కావాలని చేసి ఉంటే ఒక మనిషి నా గురించి ఆలోచించిందనుకోవచ్చు. ఊసుపోక చేసి ఉంటే నా బతుకు ఒక పరాకు మాటతో మలుపు తిరిగినట్టు. ఇన్నేళ్ళూ ఆ రెండోదే నన్ను తినేసింది.

అడక్కుండా ఉన్నానా? కనబడినప్పుడల్లా అడిగాను. ఒకసారి, "అద్దె పుస్తకం గదే, ఆకర్ని కాయితాలు సిరిగిపోనాయి" అంది. ఇంకోసారి, "నాను సరిగ్గానే సెప్పీసేను, నువ్వే యినలేదు" అంది. మరోసారి అలాంటి నవలే తను చదవలేదంది. గట్టిగా నిలదీస్తే, "ఇస్కూలు టీచరువి, నీకింకేటీ పని లేదా, ఛోడ్ దే" అంది. చివరి రోజు ఫోన్లో నేను అడగబోయింది కూడా అదే.

కర్మలకి వెళ్ళాను. కిరండూల్ దాకా వెళ్ళాల్సిన బండిని ఆ రోజు దంతెవాడతోనే ఆపేశారు, అక్కణ్ణుంచి బస్సు. భోజనాలయ్యాక పాతవాళ్ళు కొందరు ఆ వరండాలోనే కూర్చున్నారు. వాళ్ళలో చర్చి వెనక క్వార్టర్లో ఉండే ఆంటీ ఉంది. వాళ్ళాయనా రైల్వేనే. ఆ రోజుల్లో పిన్ని కథలకి ఒక్క పూట మానని మనిషి. నేను ఉండబట్టలేక, "పిన్ని కథలన్నీ సొంతంగా మార్చేసేది కదా ఆంటీ" అన్నాను.

ఆంటీకి కోపం వచ్చింది. "ఎవరన్నారు? తిట్టేది గానీ మార్చేది కాదు. బిల్కుల్ కాదు. మా చెల్లి విశాఖలో అవే నవలలు చదివేది. సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం సరిచూసుకునేవాళ్ళం. ఎక్కడా తేడా రాలేదు."

"మరి ఆ కాఫీ ఎస్టేటు నవల? ఆ అమ్మాయి రైలెక్కి వెళ్ళిపోలేదూ?"

"ఏ రైలు?" అంది ఆంటీ. "వానలో ఆడి కాళ్ళ మీద పడింది. మేమంతా ముక్కులు చీదుకుంటూ ఏడ్చాం. మీ పిన్నికే ఒళ్ళు మండి పుస్తకం విసిరికొట్టింది. అందులో రైలు లేదమ్మా."

అందరికీ ఉన్నదున్నట్టు చెప్పి, మర్నాడు నా ఒక్కదానికి ఆవిడ వేరే కథ చెప్పింది. ఆ హీరోలని నా బుర్రలోకి ఎక్కించింది తనే కాబట్టి దింపడం కూడా తన పనే అనుకుందేమో. అమ్మ అన్న మాటలన్నీ పడింది. నేను అడిగినన్నిసార్లూ నాకు అబద్ధాలు చెప్పింది. ఒక్కసారి నిజం చెబితే నేను కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని కదా, అది కూడా అక్కర్లేకపోయింది ఆవిడకి. ఇంత ప్రేమ వచ్చినా ఆవిడ మీద విసుగు పోవడం లేదు.

ముగింపు చెప్పమని అడిగిన ఆ మధ్యాహ్నం నేను వెళ్ళి కూర్చోగానే ఆవిడ కథ మొదలుపెట్టలేదు. నా చెయ్యి వైపు ఒకసారి చూసింది. "ఉండవే, దాహమేస్తంది" అని లేచి లోపలికెళ్ళి, బిందెలో గ్లాసు ముంచుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎదురుగా పట్టాల మీద ఖనిజం బండి వెళ్తోంది. అది వెళ్ళినంతసేపూ దాన్నే చూస్తూ తాగింది. గ్లాసు ఖాళీ అయిపోయాక కూడా నోటి దగ్గరే పెట్టుకుని నిలబడింది.