రిసెప్షన్ కంప్యూటర్, యాదమ్మ పాస్

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను మాదాపూర్‌లోని ఒక ఆఫీసుకు డెస్క్‌టాప్ సపోర్ట్ లీడ్‌గా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. ఎవరి కంప్యూటర్ మొరాయించినా మాకు టికెట్, అంటే ఫిర్యాదు, వస్తుంది. దాన్ని గడువులోగా బాగుచేసి మూసెయ్యాలి. బాగుచేయడం కంటే మూసెయ్యడమే ముఖ్యమని నా కింద పనిచేసేవాళ్లు నాకంటే ముందే కనిపెట్టారు.

ఆ ఆఫీసులో సందర్శకులకు పాస్‌లు ముద్రించేది రిసెప్షన్ కంప్యూటర్ ఒక్కటే. అది వరుసగా మూడు రోజులు పొద్దున్నే మొండికేసింది. బటన్ నొక్కితే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఏనాటిదో పాత తేదీ. తేదీ తప్పైతే సర్వర్ లోపలికి రానివ్వదు. మొదటి రెండు రోజులూ మావాళ్లు వెళ్లి తేదీ దిద్ది, టికెట్ మూసేసి, చాయ్‌కి పోయారు. పగలంతా అది బుద్ధిగా పనిచేసేది. తెల్లారితే మళ్లీ మొదటికే.

మూడో రోజు నేనే దిగాను. అక్కడ అడ్మిన్ మేనేజర్ ప్రసాద్ గారు నిలబడి ఉన్నారు. కూకట్‌పల్లి నుంచి సొంత కారులో వస్తారు. కోపంలో కూడా ‘అండీ’ మానని మనిషి. ఎదురుగా హౌస్‌కీపింగ్ యాదమ్మ. ఆమె మెడలో ఉండాల్సిన పాస్ ఆయన చేతిలో ఉంది.

“తడిగుడ్డతో తుడిచేసిందండీ, లోపలికి నీళ్లు పోయాయి. ఏజెన్సీకి ఫోన్ చేసేశాను, పదకొండింటికి వేరే మనిషిని పంపుతారు. నీళ్ల వల్లే చెడిందని మీరు రిపోర్ట్ రాసిచ్చేయండి చాలు,” అన్నారు.

“నీ మీద ఒట్టు సారూ, డబ్బా జోలికే పోలే,” అంది యాదమ్మ. “గీ సారే చెప్పిండు, పోయేటప్పుడు గోడ స్విచ్చులన్నీ బంద్ చెయ్యమని. సోమారం సంది గదే చేస్తున్న. గీ పని పోతే నన్నెవరు పెట్టుకుంటరు?”

ఆమె పనికి ఆ పాసే ఆధారం. అది పోతే గేటు దగ్గరే ఆపేస్తారు. నేను కంప్యూటర్ పక్క మూత విప్పాను. నీటి చుక్క జాడ లేదు. కానీ మదర్‌బోర్డు మీద బటన్ సెల్ ఉండాల్సిన గుంట ఖాళీగా ఉంది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌కి తేదీ గుర్తుండేలా చేసేది రూపాయి బిళ్లంత ఉండే ఆ సెల్లే. ఆ సెల్‌ని తీసింది ఎవరో నాకు తెలుసు. నేనే.

నెల కిందట ప్రసాద్ గారి కారు తాళం రిమోట్ పనిచేయక, “ఏదో ఒకటి చేయండి, అర్జెంటండీ,” అంటే, స్టోర్‌లో సెల్స్ లేక, దగ్గర్లో ఉన్న ఈ కంప్యూటర్‌లోది పీకి పెట్టిచ్చాను. విప్పేముందు ప్లగ్ తీయాలన్నది నియమం. ఆ తొందరలో అదీ తీయలేదు. తీసి ఉంటే తేదీ అప్పుడే పోయేది, నా నిర్వాకం ఆ రోజే బయటపడేది. రేపు కొత్తది వేద్దామనుకొని మరిచిపోయాను. గోడ స్విచ్ వేసి ఉన్నన్నాళ్లూ కంప్యూటర్ నెట్టుకొచ్చింది. సోమవారం నుంచి పొదుపు పేరుతో ఆయన స్విచ్చులు ఆపించారు, ఇది మతి పోగొట్టుకుంది.

నిజం చెబితే నాకు మెమో ఖాయం. అర నిమిషం, సిగ్గులేకుండా, నీళ్ల కథ గురించి ఆలోచించాను. యాదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

“సార్, మీ కారు తాళం జర ఇస్తరా?” అన్నాను.

“తాళమెందుకండీ ఇప్పుడు?” అంటూనే ఇచ్చారు. స్క్రూడ్రైవర్ మొనతో తాళం మూత లేపి, సెల్ తీసి, కంప్యూటర్ గుంటలో నొక్కాను. తేదీ దిద్దాను. తర్వాత గోడ స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేశాను. కంప్యూటర్ సరైన తేదీతో లేచి కూర్చుంది.

“అది నా తాళంలోది కదండీ!” అన్నారాయన.

“కాదు సార్. ఈ కంప్యూటర్‌దే. పోయిన నెల మీరు అర్జెంట్ అంటే నేనే తీసి పెట్టిన. తప్పు నాది.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. “ఇదంతా రిపోర్ట్‌లో రాయాలా అండీ?”

“ముందు ఏజెన్సీకి ఫోన్ చెయ్యుండ్రి సార్. తర్వాత ఆలోచిద్దాం,” అన్నాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో పైవాళ్లతో అంత హాయిగా మాట్లాడింది అదొక్కసారే.

ఆయన ఫోన్ చేసి, వేరే మనిషి అక్కర్లేదని చెప్పి, పాస్ అందించారు. యాదమ్మ దాన్ని మెడలో వేసుకొని, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“మరి ఇప్పుడు ఎవల పాస్ గుంజుకుంటరు సారూ?” అంది.

నేను కంప్యూటర్ మూత బిగించాను, ప్రసాద్ గారు సెల్ లేని తాళం జేబులో వేసుకున్నారు.

రిపోర్ట్‌లో, సెల్‌ను వేరే అవసరానికి వాడినట్టు, దానికి బాధ్యుణ్ని నేనేనని రాశాను. ఆ అవసరం ఎవరిదో రాయలేదు. మెమో వచ్చింది. ఆ సాయంత్రం ప్రసాద్ గారు కారును మామూలు తాళంచెవితో తెరుచుకున్నారు. వాన కూడా పడుతోంది, దానికి మాత్రం నా బాధ్యత లేదు.

తర్వాత నేను ఏ కంప్యూటర్‌లోంచి ఏది తీసినా దాని మీద చీటీ అంటించేవాణ్ని. మూత విప్పి చూడకుండా కారణం రాయమని ఎవరు అడిగినా రాయలేదు.